కొర్రకూ ఒక చరిత్ర

చరిత్ర అనగానే మనవాళ్ళు వంశావళి వెతుకుతారు. ఎంత పాతదైతే అంత గొప్పదనే నమ్మకం సాహిత్యరంగంలోనూ చావలేదు. కావ్యానికి కాలనిర్ణయం చేస్తే విమర్శ ముగిసిందనుకునే పండితులు మా తెలుగు శాఖల్లో నేటికీ ఉన్నారు. తిండిగింజల విషయంలోనూ ఇదే న్యాయం: కంభం చెరువు కింద పండే వరికి గౌరవం, మార్కాపురం, గిద్దలూరు మెట్టల్లో పండే కొర్రకు చిన్నచూపు. శిలలు ఏమంటున్నాయో చూద్దాం.

మార్కాపురం పలకరాయిని ఎన్ని పొరలు విప్పినా గడ్డి ఆనవాలు దొరకదు. సముద్రం అడుగున ఆ బురద పేరుకున్నది 140 కోట్ల ఏళ్ళకు పూర్వం. నేలమీద మొక్క మొలిచి సుమారు 47 కోట్ల ఏళ్ళే అయింది. కాని ఎండను ఆహారంగా మార్చే విద్య అంతకంటే పాతది. ఇదే కడప శిలాశ్రేణి దిగువ భాగంలో, వేంపల్లె సున్నపురాళ్ళలో, నీటి అడుగున సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన గుబ్బలు నిలిచివున్నాయి. వాటి వయస్సు దాదాపు 190 కోట్ల ఏళ్ళు.

గడ్డి జాడ కోసం మనం ఉత్తరానికి, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు పోవాలి. అక్కడి పిస్‌దురా గ్రామం దగ్గర రాక్షసిబల్లుల పేడ శిలగా మారి దొరుకుతుంది. గడ్డి కోసిన చేతులకు తెలుసు, ఆకు అంచు చర్మాన్ని ఎలా గీరుతుందో. వేళ్ళు నేలనీటితోపాటు పీల్చుకున్న సిలికా కణాల్లో గాజుబిళ్ళలుగా గట్టిపడుతుంది. ఆకు కుళ్ళినా అవి కుళ్ళవు. వాటి ఆకారాన్నిబట్టి ఏ తెగ గడ్డో చెప్పవచ్చు. ఆ పేడలో ఇలాంటి బిళ్ళలున్నాయని 2005లో వందనా ప్రసాద్, కరోలిన్ స్ట్రోంబర్గ్, అశోక్ సాహ్ని ప్రభృతులు ప్రకటించారు. రాక్షసిబల్లులు గడ్డి ఎరగవని అంతవరకూ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆరున్నర కోట్ల ఏళ్ళకు పూర్వమే అవి గడ్డి మేశాయని తేలింది. అందులో వరి తెగకు చెందిన గడ్డి కూడా ఉందని 2011లో మరో పరిశోధన చూపింది. శాసనాలు చెప్పలేని చరిత్రను పేడ చెప్పింది!

ఇక మాగాణి ఆసామి మీసం దువ్వవచ్చు. అయితే వరి శాఖ వేరుపడిందంటే కొర్ర శాఖా వేరుపడిందన్నమాటే. అప్పటికి లేనిదల్లా కొర్రను నేడు మెట్టలో నిలబెడుతున్న పద్ధతి.

వరి ఆకులో బొగ్గుపులుసు వాయువును పట్టే ఎంజైము ఎండ ముదిరితే పొరపాటున ప్రాణవాయువును పట్టుకుంటుంది. చేసిన పనిలో కొంత చెడుతుంది. కొర్ర, సజ్జ, జొన్న అలా కాదు. బొగ్గుపులుసు వాయువును ముందు వెలుపలి కణాల్లో ఆమ్లంగా బంధించి, ఈనెల చుట్టూ ఉన్న కణాలకు చేరవేసి, అక్కడ ఒత్తుగా విడుదల చేస్తాయి. ఆకురంధ్రాలు కొద్దిగా తెరిస్తే చాలు, నీరు మిగులుతుంది. గాలిలో ఆ వాయువు తగ్గిపోతున్న కాలంలో, సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రితం, ఈ పద్ధతి గడ్డిలో తలెత్తింది. అదీ ఒక్క వంశంలో కాదు, వేర్వేరు తెగల్లో విడివిడిగా. వంశావళిప్రియులు దీన్ని గమనించాలి. ఈ గడ్డి మట్టిలో వదిలే కర్బనంలో బరువైన పాలు కొంచెం ఎక్కువ. ఆ గుర్తును ఉత్తర పాకిస్థాన్ శివాలిక్ పొరల్లోని సున్నపు గడ్డల్లో జే క్వేడ్ బృందం 1989లో చదివింది: సుమారు 70 లక్షల ఏళ్ళ క్రితం అక్కడి మైదానాలు ఈ గడ్డి వశమయ్యాయి. ఋతుపవనాలు బలపడటమే కారణమని వారు తలచారు. వానలేని నెలలు, కార్చిచ్చు అని తర్వాతివారు వాదించారు. ఏదైనా, కష్టకాలమే దాన్ని ముందుకు తెచ్చింది.

1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఆకలి తీర్చింది, కాదనను. కాని కొర్రన్నం బీదరికానికి గుర్తనే భావన దానితో పోలేదు, మరింత పాతుకున్నది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. అదే కొర్ర నేడు నగరాల్లో ఖరీదైన పొట్లమై కూర్చున్నది. ఆ ధరలో గిద్దలూరు మెట్టరైతు వాటా ఎంతో పొట్లం మీద అచ్చువేయరు.