పడక దొరకని రాజ్యం

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ప్రయాణికుడికి అంత ఓపిక ఉండదు. సత్రాన్ని చూసి దేశాన్నే చూసేస్తాడు. దుప్పటి మాసి ఉంటే ఆ ఊరికి పాలకులే లేరంటాడు. నల్లి కుట్టిందా, ఇక ఆ రాజ్యానికి నూకలు చెల్లాయంటాడు. పడుకోను చోటు దొరకని మనిషి చెప్పే తీర్పులో న్యాయమెంత, నడుం నొప్పి ఎంత అన్నది మనమే విడదీసి చూసుకోవాలి.

విలియం కాక్స్ అనే ఇంగ్లీషు దొర ఒకాయన ఉండేవాడు. వృత్తి చేత మతాచార్యుడు, అభిరుచి చేత చరిత్రకారుడు. ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రభువుల ఇళ్లల్లో కుర్రాళ్లకు చదువు ముగిసిందంటే దేశాటనకు పంపడం ఆనవాయితీ. కుర్రాడు ఒంటరిగా పోతే జూదమూ అప్పులూ తప్ప మరేమీ నేర్చుకురాడని, వెంట ఓ పెద్దమనిషిని తోడిచ్చేవారు. పెంబ్రోక్ ప్రభువుగారి అబ్బాయికి అలా తోడు వెళ్లినవాడు మన కాక్స్ దొర. అందరూ ఫ్రాన్సుకూ ఇటలీకీ పోతుంటే వీళ్లు ఉత్తరాది దారి పట్టారు. 1778 జూలైలో పోలెండులో అడుగుపెట్టారు. చూసినవన్నీ రాసి, 1784లో దొరగారు పుస్తకంగా అచ్చు వేయించారు.

ఆనాటి పోలెండంటే చిన్న రాజ్యం కాదు. లిథువేనియాతో కలిసి యూరపులోని పెద్ద రాజ్యాల్లో ఒకటి. కానీ వీళ్లు వెళ్లడానికి ఆరేళ్ల ముందే, 1772లో, ఇరుగుపొరుగులైన రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ కూడబలుక్కుని తలో ముక్కా కోసుకున్నాయి. నూటికి ముప్పై పాళ్ల దాకా భూమి పోయింది. కాక్స్ దొర క్రాకో నగరానికి వచ్చేసరికి విస్తులా నది మీది వంతెనకు ఆ కొసన ఆస్ట్రియా సిపాయి, ఈ కొసన పోలెండు సిపాయి కాపలా కాస్తున్నారు. ఒకప్పుడు ఊరి పక్కన పారిన నది ఇప్పుడు రెండు రాజ్యాల సరిహద్దయింది.

క్రాకో పూర్వపు రాజధాని. రాజుల సమాధులు అక్కడే. కోపర్నికస్ చదువుకున్న విశ్వవిద్యాలయం అక్కడే. దొరగారికి మాత్రం ఆ ఊరు పాడుబడిన మహానగరంలా కనిపించింది. ఆ దగ్గర్లోనే వియెలిచ్కా ఉప్పు గని ఉంది. మోకుకు కట్టిన ఉయ్యాల లాంటి ఆసనంలో కూర్చోబెట్టి ఆయన్ను పాతాళంలోకి దించారు. లోపల ఉప్పును చెక్కి మలిచిన గుళ్లు, ఉప్పు విగ్రహాలు! చూసి అబ్బురపడ్డాడు. పోలెండులో ఇంటికొచ్చిన గౌరవనీయుడికి రొట్టె, ఉప్పు ఇచ్చి స్వాగతం చెప్పడం పాత ఆచారం. కానీ పాపం, ఆ ఉప్పు గని 1772 పంపకాల్లో ఆస్ట్రియా పాలయింది. అంటే అతిథికిచ్చే రొట్టె తమదే కాని, అందులోకి ఉప్పు పరాయివాడిదన్నమాట.

క్రాకో నుంచి వార్సాకు బయలుదేరారు. 258 మైళ్ల దారి. ఆ పొడవునా ఎదురైనవి రెండే రెండు బగ్గీలు, ఓ డజను బండ్లట! దారంతా చదును నేల, దట్టమైన అడవి, అక్కడక్కడ చెక్క గుడిసెలు. ఇంత విసుగు పుట్టించే దారి తానెక్కడా చూడలేదన్నాడు దొర. పొద్దుగూకాక సత్రం చేరితే అక్కడ మంచం లేదు, కుర్చీ సరిగా లేదు. నేల మీద గడ్డి పరిచి పడుకోమన్నారు. లిథువేనియా వైపు వెళ్లాక ఆ భాగ్యం కూడా తగ్గింది. ఆవులూ పందులూ కోళ్లూ ఉన్న కొట్టంలోనే వాటితోపాటు పడక. శుభ్రమైన గడ్డి దొరికిన రాత్రి పండగే. అక్కడి బాటలు మరో వింత. బురద నేలల మీద చెట్ల దుంగలు అడ్డంగా పేర్చి రోడ్డనేవారు. బండి వాటి మీద గడగడలాడుతూ పోతుంటే మనిషి ఎముకలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి.

సత్రం నడిపేవాడు యూదుడు. దుబాసీ కావాలంటే యూదుడే వస్తాడు. గుర్రాలు కుదిర్చేదీ యూదుడే, తోలేదీ యూదుడే అని దొరగారు కాస్త వెటకారంగా రాశారు. అయితే ఆ సత్రం అతని సొంతం కాదు. ఊరి జమీందారుది. సారా కాచి అమ్ముకునే హక్కు జమీందారుది. ఆ హక్కును కౌలుకు పుచ్చుకుని, ఏటా కట్టాల్సింది కట్టి, మిగిలిన దానితో బతికేవాడు సత్రం మనిషి. అతనికి బేరం బాటసారి మీద కాదు, ఊరి రైతు తాగే సారా మీద. అలాంటప్పుడు మంచాలు చేయించేదెందుకు? (ఆ యూదు కుటుంబాలు తరతరాలుగా పోలెండు జీవితంలో కలిసిపోయినవే. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు పోలెండు యూదుల్లో దాదాపు ముప్పై లక్షల మందిని చంపేశారు.)

మరి ఆ దేశపు పెద్దలు ప్రయాణాలు చేయరా అంటే, చేస్తారు. పరుపు, దుప్పట్లు, వంటసామాను, వంటమనిషితో సహా బండ్ల మీద వేసుకుని పోతారు. దారిలో తనబోటి జమీందారు ఇల్లు కనబడితే అక్కడ దిగిపోతారు. దిగినవాణ్ణి త్వరగా పోనిస్తే ఆ ఇంటివాడికి నామర్దా. ఇంటికి అతిథి వస్తే దేవుడు వచ్చినట్టేనని పోలెండువారి సామెత. మన "అతిథి దేవో భవ" లాంటిదే. అంచేత ఆ దేశంలో అతిథి మర్యాద లేక కాదు సత్రాలు అలా ఉన్నది. మర్యాదంతా గొప్పవాళ్ల లోగిళ్లలో ఉంది, సత్రాలు మాత్రం దిక్కూ మొక్కూ లేనివాళ్లకు మిగిలాయి.

పెద్దమనుషుల వేషభాషలు దొరగారికి భలే నచ్చాయి. పొడుగాటి అంగీ, నడుముకు పట్టు దట్టీ, పక్కన కత్తి, దిట్టమైన మీసాలు. తల గొరిగించుకుని నడినెత్తిన గుండ్రంగా కాస్త జుట్టు ఉంచుకుంటారు. మన పిలకకు దూరపు చుట్టం! కలుసుకుంటే మగవాళ్లు కావలించుకుంటారు. చిన్నవాడు పెద్దవాడి ముందు నేలకు తగిలేదాకా వంగుతాడు.

జుట్టంటే గుర్తొచ్చింది. పేదవాళ్ల తలలు జడలు కట్టడాన్ని చూసి విదేశీ వైద్యులు దానికి "పోలెండు జడ" అని రోగం పేరే పెట్టారు. కాక్స్ దొర కూడా దాని మీద పేజీలు రాశాడు. జడ కత్తిరిస్తే చూపు పోతుందని, ప్రాణం పోతుందని జనం భయపడేవారు. మన పల్లెల్లోనూ అమ్మవారి జడ అని ముట్టుకోని తలలున్నాయి కదా! ఆ తర్వాతి శతాబ్దంలో క్రాకో వైద్యుడు యూజెఫ్ డీట్ల్ అది రోగం కాదు, దువ్వెన పడకపోవడమేనని గట్టిగా వాదించాడు. కత్తెర వేయించి చూపించాక కాని జనానికి నమ్మకం కుదరలేదు.

వార్సాలో దొరగారి దశ తిరిగింది. ఒక పక్క మేడలు, వాటి పక్కనే గుడిసెలు. అయినా మేడల్లోనే కదా ఆయన విందులు! చర్తొరీస్కా యువరాణి పొవోంజ్కీ తోటలో విందు చేసింది. అక్కడ రైతు గుడిసెల్లాంటి కుటీరాలు కట్టించుకుంది. పైకి పూరిల్లు, లోపలికి పోతే పాలరాయి, పింగాణీ! నిజం రైతు గుడిసెలో ఏముంటుందో యువరాణికి తెలుసో తెలియదో. ఇప్పుడు పొవోంజ్కీ అంటే వార్సాలో అందరికీ గుర్తొచ్చేది ఆ పేరుతో ఉన్న పెద్ద శ్మశానం.

రాజు స్తానిస్లావ్ ఆగస్ట్ పొన్యతోవ్‌స్కీ మంచి చదువరి. కుర్రతనంలో ఇంగ్లండు వెళ్లొచ్చినవాడు, షేక్స్పియర్ అంటే ప్రాణం. రష్యా రాణి కాథరిన్‌కు ఒకప్పటి ప్రియుడు. ఆమె అండతోనే 1764లో ప్రభువులు ఆయన్ను రాజుగా ఎన్నుకున్నారు. అందుకే రష్యా పెత్తనం గిట్టనివాళ్లకు ఆయనంటే మంట.

ఆయన మీద జరిగిన ఒక ఘోరాన్ని కాక్స్ దొర తన పుస్తకంలో పూసగుచ్చినట్టు రాశాడు. 1771 నవంబరు 3 రాత్రి. రాజుగారు మేనమామ ఇంటి నుంచి బండిలో కోటకు వస్తున్నారు. వార్సా వీధిలోనే తిరుగుబాటుదార్లు చుట్టుముట్టారు. తల మీద కత్తి గాయం చేసి, గుర్రం మీద ఎక్కించుకుని ఊరి బయటికి ఎత్తుకుపోయారు. చీకట్లో కందకం దాటుతుంటే గుర్రం పడి కాలు విరిగింది. రాజుగారి కాలిజోడు పోయింది, బొచ్చు అంగీ పోయింది. రష్యా గస్తీ సిపాయిల భయానికి దొంగలు ఒక్కొక్కరే జారుకోగా చివరికి కొసిన్‌స్కీ అనేవాడు ఒక్కడే మిగిలాడు. రాజు వాడితో నెమ్మదిగా మాట్లాడాడు. మాటలకు వాడి మనసు కరిగి కాళ్ల మీద పడ్డాడు. ఇద్దరూ నడుచుకుంటూ మారిమాంట్ దగ్గరున్న ఒక పిండిమర తలుపు తట్టారు.

మరవాడు తలుపు తీయలేదు! అర్ధరాత్రి వేళ దొంగలనుకున్నాడు. ఎంతో సేపు బతిమాలాక కాని లోపలికి రానివ్వలేదు. రాజుగారు ఓ చీటీ రాసి పంపించగా, సేనాని పరుగున వచ్చి చూసేసరికి పోలెండు మహారాజు నేల మీద, మరవాడి దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు.

ఈ ముచ్చట రాసిన కాక్స్ దొరకు తట్టిందో లేదో కాని, చదువుతుంటే మనకు తడుతుంది. ఈ దేశంలో పడక దొరకనిది విదేశీ బాటసారికే కాదు, రాజుకు కూడాను.

ఎందుకిలా అయిందన్న దానికి దొరగారి జవాబు గట్టిదే. చట్టసభలో ఒక్క సభ్యుడు "నేనొప్పను" అంటే చాలు, సభే రద్దయిపోయే ఆచారం ఉండేది. 1652లో ఒకడు మొదలుపెడితే, నూరేళ్లపాటు అదే పెద్ద హక్కయి కూర్చుంది. ఎవరికి వారే యమునాతీరే! రైతేమో జమీందారుకు కట్టుబానిస. అయితే కాక్స్ దొర మంచిని కూడా దాచలేదు. ఆంద్రె జమోయ్‌స్కీ అనే ప్రభువు 1760లో తన ఆరు ఊళ్ల రైతులకు స్వేచ్ఛ ఇస్తే, జనమూ పెరిగారు, ఆయన రాబడీ పెరిగిందని లెక్కలతో సహా రాశాడు.

ఇక్కడే నాకు చరిత్ర చేసిన అన్యాయం కనిపిస్తుంది. పోలెండును కోసుకున్న మూడు రాజ్యాలూ చెప్పిన సాకు ఒకటే. "అక్కడంతా అరాచకం, మేము సర్దుతున్నాం" అని. ప్రయాణికుల రాతలు చదివిన యూరపు, నిజమే కాబోలనుకుంది. కాని 1772 దెబ్బ తిన్న దగ్గరనుంచి ఆ ఇంటివాళ్లు ఇల్లు బాగు చేసుకోవడం మొదలుపెట్టారు. 1773లోనే దేశం మొత్తానికి విద్యా సంఘం పెట్టారు. కాక్స్ దొర గ్రోద్నోలో దిగేసరికి అక్కడ కొత్త కార్ఖానాలు, వృక్షశాస్త్ర తోట కళ్లబడ్డాయి. 1791 మే 3న, ఫ్రెంచివారికంటే నాలుగు నెలల ముందే, లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు. ఒక్కడు సభను చెడగొట్టే హక్కును తీసిపారేశారు. అప్పుడు దిగింది రష్యా సైన్యం. 1793లో రెండో పంపకం, 1795లో మూడోది. కప్పు కారుతున్నంతకాలం ఊరుకున్న పొరుగువాడు, తాటాకు తెచ్చి నిచ్చెన వేసుకునే వేళకు వచ్చి నిచ్చెన లాగేశాడు. 1797లో మూడు రాజ్యాలూ రహస్య ఒప్పందం చేసుకుని, పోలెండు రాజ్యమనే పేరే ఇక వాడకూడదనుకున్నాయి.

దొరగారి కళ్లకు కనబడింది అబద్ధం కాదు. గడ్డి పరుపు నిజమే, దుంగల బాట నిజమే. కాని బాటసారి ఒక రాత్రి ఉండి పోతాడు. మర్నాడు పొద్దున్నే ఇంటివాడు లేచి చీపురు పట్టుకున్నది ఆయన చూడడు.

స్తానిస్లావ్ రాజు 1795లో గ్రోద్నోలో సింహాసనం వదులుకున్నాడు. 1798లో పరాయి గడ్డ మీద, పీటర్స్‌బర్గులో కన్నుమూశాడు. అక్కడి చర్చిలో పాతిపెట్టారు. 1918లో, 123 ఏళ్ల తర్వాత, పోలెండు మళ్లీ దేశమయింది. రాజుగారి అస్థికల్ని 1938లో ఆయన పుట్టిన వొవ్చిన్ గ్రామానికి చేర్చారు. మరుసటేడే యుద్ధం. ఆ ఊరు సరిహద్దు అవతలికి పోయింది. ఇప్పుడది బేలరూస్‌లో ఉంది. 1988లో మిగిలినవేవో వార్సాకు తెచ్చారు. 1995లో అక్కడి సెయింట్ జాన్ చర్చిలో సమాధి చేశారు.

పోలెండు ఇళ్లల్లో క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి ఒక పద్ధతి ఉంది. ఆకాశంలో తొలి చుక్క పొడిచాక కూర్చుంటారు. బల్ల మీది గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పరుస్తారు. ఇంటిల్లిపాదికీ పెట్టాక ఒక కంచం ఎక్కువ పెట్టి ఖాళీగా ఉంచుతారు. అనుకోకుండా ఎవరైనా వస్తే వాళ్లకని. కాక్స్ దొర వేసవిలో వచ్చి వెళ్లాడు కనుక ఆ కంచం చూసి ఉండడు.

తలుపు తట్టి ఎంతోసేపు నిలబడ్డ రాజు మాత్రం 197 ఏళ్లకు లోపలికొచ్చాడు.