సూర్యుడు మింగిన మాటలు

బహ్రెయిన్‌లో మన పాతతరం వారు షార్ట్‌వేవ్ రేడియో తిప్పి తిప్పి ఆకాశవాణిని పట్టుకునేవారని పెద్దల నోట విన్నాను. ఒక్కోసారి ఉన్నట్టుండి గొంతు మునిగిపోయేదట. సెట్టు పాడైందనుకుని చేత్తో చరిచేవారు, పాపం! చాలాసార్లు ఆ తంటా సూర్యుడిదే.

షార్ట్‌వేవ్ తరంగం అయనావరణంలో వంగి, దూరాన మళ్లీ నేలకు దిగుతుంది. సూర్యుడిపై జ్వాల ఎగిస్తే ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి చేరి, పగటివైపు కింది పొరను చిక్కబరుస్తాయి. ఆ పొర తరంగాన్ని మింగేస్తుంది. అయస్కాంత తుఫాను అంత త్వరగా రాదు. ఒకటి రెండు రోజులకు వచ్చి, రోజుల తరబడి వేధిస్తుంది.

ఈ అయనావరణపు కదలికలను వాల్తేరులో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఆచార్య బి. రామచంద్రరావు గారి బృందం 1950లలోనే కొలిచింది. గల్ఫ్‌లోని తెలుగువారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

1969లో రాస్ అబూ జర్జూర్‌లో ఉపగ్రహ భూకేంద్రం వచ్చాక బహ్రెయిన్ విదేశీ ఫోన్లకు షార్ట్‌వేవ్ అవసరం తగ్గింది. ఓడలకు, సముద్రం దాటే విమానాలకు మాత్రం నేటికీ ఉంది. 2003 అక్టోబరు 28న భారీ జ్వాల ఎగసినప్పుడు ఇక్కడ మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ ఉన్న దేశాలన్నిటా షార్ట్‌వేవ్ దెబ్బతింది. ఆ వెంటనే వచ్చిన తుఫానుల స్థాయిది మళ్లీ 2024 మే 10న వచ్చింది. సూర్యుడిని కాపు కాస్తున్న ఉపగ్రహాల వల్ల ఈసారి హెచ్చరిక ముందే అందింది.