వణికే చేయి: ముహమ్మద్ అలీ జీవితంలో ఒక అధ్యాయం

చేతుల వణుకును పూర్వపు ముస్లిం వైద్యులు 'రఅషా' అన్నారు. ఇబ్న్ సీనా (980-1037) తమ 'అల్ ఖానూన్'లో నరాల జబ్బుల నడుమ దీనికి చోటిచ్చినారు. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల స్థితిని వర్ణించి ఒక చిన్న గ్రంథం వ్రాసిన తరువాతనే, ఈ వణుకులలో ఒకటి ప్రత్యేక వ్యాధిగా గుర్తింపు పొందినది. అయితే వైద్యచరిత్ర వ్యాధిని గురించి చెప్పినంతగా దానితో బ్రతికిన మనిషిని గురించి చెప్పదు. అందుకు ముహమ్మద్ అలీ జీవితం చూడవలసి ఉన్నది.

1942లో అమెరికాలోని లూయీవిల్ నగరంలో జన్మించిన అలీ, 1981లో చివరిసారి బాక్సింగు బరిలో దిగినారు. 1984లో, 42వ ఏట, వైద్యులు పార్కిన్సన్ లక్షణాలను నిర్ధారించినారు. తలకు తగిలిన దెబ్బలే కారణమా అన్న వాదం నేటికీ తెగలేదు. 2016 జూన్ 3న మరణించేదాకా, అంటే దాదాపు 32 ఏళ్లు, ఆయన ఈ వ్యాధితోనే జీవించినారు. వృత్తి బాక్సరుగా గడిపిన కాలం కంటె ఇది ఎక్కువ. దీనిని జాలికథగా రెండు వాక్యాలలో ముగించే రచయితలతో మేము ఏకీభవించలేము.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన పిమ్మట అనేకమంది విదేశీయులు బందీలైనారు. నవంబరులో అలీ బాగ్దాదు వెళ్లినారు. అప్పటికే మాట సన్నగిల్లినది. ఆయన ప్రభుత్వ ప్రతినిధి కారు. పోవడమే తప్పన్నవారూ ఉన్నారు. సద్దాం హుసేన్ దర్శనానికై రోజుల తరబడి కాచుకొని ఉండగా మందులు నిండుకున్నవి. మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు నశించుట ఈ వ్యాధికి మూలం. మాత్ర ఆ లోటును కొన్ని గంటలు మాత్రమే పూడ్చగలదు. అది లేనినాడు ఒళ్లు బిగుసుకొనిపోతుంది, గొంతు పెగలదు. ఆ స్థితిలోనూ ఆయన వెనుదిరుగక, డిసెంబరు మొదట్లో 15 మంది అమెరికన్లను వెంటబెట్టుకొని వచ్చినారు. కొద్దిరోజులకు ఇరాక్ తక్కినవారినీ విడిచిపెట్టిన మాట నిజమే. కాని ఆ 15 కుటుంబాలకు ఆ సంగతి ముందుగా తెలియదు గదా!

1996లో అట్లాంటాలో వణికే చేతులతో ఒలింపిక్ జ్యోతిని వెలిగించిన దృశ్యం లోకమెరిగినదే.

నిలబడలేనివాడు కూర్చుండి, అదీ చేతకానివాడు ప్రక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్‌కు చెప్పినట్లు బుఖారీ సంకలనంలో ఉన్నది. శరీరం సహకరించనప్పుడు విధి రద్దు కాదు, రూపం మారుతుంది. అలీ దినచర్యలోనూ ఈ తీరు కనిపిస్తుంది. ఉపన్యసించే గొంతు పోయినది. ఆయన ఇస్లాంను పరిచయం చేసే కరపత్రాలపై గంటల కొలది సంతకాలు చేసి పంచేవారు. సంతకమున్న కాగితాన్ని ఎవరూ పారవేయరని ఆయన లెక్క. ఈ వ్యాధిలో చేతివ్రాత చిక్కిపోతుందని ఎరిగినవారికి ఆ శ్రమ ఎంతటిదో తెలుస్తుంది.

పిల్లలు ఎదురైతే చేతిరుమాలు మాయం చేసి చూపేవారు. మోసగించడం ఇస్లాంకు విరుద్ధమని, వెంటనే ఆ కిటుకును కూడా విప్పి చూపేవారు.