నాలుగో బల్ల

ఫ్లోరెన్స్‌లో రాత్రి ఎనిమిది దాటింది. ఆర్నో నదికి అవతలి ఒడ్డున ఓ చిన్న హోటల్ వంటగది. మీరు గోడకు అంటుకుపోయి నిలబడ్డారు. కాస్త కదిలినా ఎవరో ఒకరి మోచేయి తగులుతోంది.

"నాలుగో బల్ల, ఇద్దరే. ముందు స్పగెట్టి, తర్వాత బిస్తెక్కా!" వడ్డించే కుర్రాడి కేక.

వంట చేసే పెద్దావిడ తలెత్తలేదు. బిస్తెక్కా కోసం రెండు గంటల కిందటే ఫ్రిజ్‌లోంచి తీసిపెట్టిన గొడ్డుమాంసం ముక్కను తూకం వేసింది. 1,200 గ్రాములు. మధ్యలో 'టీ' అక్షరంలా ఎముక, ఒక పక్క మెత్తటి కండ, రెండో పక్క కాస్త గట్టిది. మందం మూడు వేళ్లు. ఇటలీ రచయిత అర్తూజి 1891 నాటి తన వంటల పుస్తకంలో ఒకటి, ఒకటిన్నర వేలు చాలన్నాడు. తర్వాతివాళ్లకు ఆశ పెరిగినట్టుంది.

ఈ ముక్క కియానీనా జాతిది. టస్కనీ పొలాలు దున్నిన తెల్లటి, ఎత్తైన పశువులు. చూస్తే మన ఒంగోలు గిత్తే గుర్తొస్తుంది, మూపురం ఒక్కటే తక్కువ. గొడ్డుమాంసం ముట్టనివారికి స్పగెట్టి ఎలాగూ ఉంది.

ఎసరు మరిగింది. రెండు లీటర్ల నీళ్లు, 20 గ్రాముల రాళ్ల ఉప్పు, ఇద్దరికీ కలిపి 120 గ్రాముల స్పగెట్టి. వెనక మాంసం ఉంది కాబట్టి అంతే. పక్క పెనంలో ఆలివ్ నూనె, పల్చగా తరిగిన వెల్లుల్లి, తుంచిన ఎండుమిర్చి. వెల్లుల్లి లేత బంగారు రంగుకు రాగానే ఒక గరిటెడు గంజి పోసింది. చుయ్‌మంది. ఇంకా పలుకు మీదున్న స్పగెట్టిని అందులోకి లాగి గబగబా ఎగరేసింది. గంజీ నూనే కలిసి చిక్కటి తెల్లటి పూతలా పట్టుకున్నాయి. ఆ వాసనకు మీ నోట్లో నీళ్లూరాయి. మన పోపు వాసనకు దగ్గరి చుట్టం!

పళ్లేలు బయటికెళ్లగానే మాంసం ఊచల మీదికి చేరింది. కింద బొగ్గులు మంట ఆరి, పైన బూడిద కప్పుకుని కణకణలాడుతున్నాయి. నూనె లేదు, మసాలా లేదు. మీ చెయ్యి ఉప్పు గిన్నె వైపు జరిగింది.

"ఇప్పుడు కాదు. నీరూరిపోతుంది," అందావిడ.

ఐదు నిమిషాలకు పట్టకారుతో ఒకే ఒక్కసారి తిప్పింది. ఫోర్కు గుచ్చనేలేదు.

కుర్రాడు తలుపులోంచి తొంగిచూశాడు. "నాలుగో బల్ల దగ్గరి ఆయన లోపల ఎరుపు కనబడకూడదంటున్నారు."

"కోడికూర ఉందని చెప్పు."

కుర్రాడు వెళ్లాడు, వచ్చాడు. "మీ ఇష్టమేనట."

మరో ఐదు నిమిషాలు. తర్వాత ముక్కను ఎముక మీద నిటారుగా నిలబెట్టింది. ఆ ఎముకే 2001లో పిచ్చి ఆవు వ్యాధి భయంతో ఐరోపాలో నిషేధమైంది. ఎముకతో కూడిన బిస్తెక్కా మళ్లీ బల్ల మీదికి వచ్చింది 2006లోనే. ఆ మాటెత్తితే ఆవిడ ముఖం చిట్లించింది, అంతకుమించి ఏం చెప్పలేదు.

దించాక ఐదు నిమిషాలు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు చెక్క పలక మీద పెట్టి కోసింది. అంచు నలుపు, లోపల ఎరుపు, పలక మీద కాస్త రసం. ఇప్పుడు చల్లింది రాళ్ల ఉప్పు.

నాలుగో బల్లకెళ్లిన పలక అరగంటకు తిరిగొచ్చింది. దాని మీద ఎముక ఒక్కటే ఉంది, నున్నగా చీకినది.