రివాల్వరు నిర్మాణము – కాలనిర్ణయము

పాత రివాల్వరు చేతికి వచ్చినపుడు సామాన్యముగా మనము దానిపై చెక్కిన తేదీని వెదకుదుము. కాని ఆ తేదీ పెక్కుమారులు పేటెంటు లభించిన దినమే గాని, ఆయుధము తయారైన దినము కాదు. కాలనిర్ణయమునకు దాని నిర్మాణమునే పరిశీలింపవలెను.

1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ పేటెంటు పొందిన రివాల్వరునకు తిరుగుడు సిలిండరు ప్రధానాంగము. సిలిండరు గదులలో ముందువైపు నుండి మందును, సీసపు గుండును కూరి, వెనుకనున్న మొనలపై రాగి టోపీలు తొడిగెడివారు. సుత్తి దెబ్బకు టోపీ పేలి మందు అంటుకొనెడిది. కనుక గదుల వెనుక భాగము మూసియుండెడిది. కోల్ట్ వారి 1851 నేవీ నమూనా ఇట్టిదే. దాని సిలిండరు పైన చట్రపు కమ్మి లేదు. ఇంగ్లండులో రాబర్ట్ ఆడమ్స్ 1851లో పేటెంటు పొందిన రివాల్వరున గొట్టము, చట్రము ఏకఖండము. సిలిండరు పైన కమ్మి కలదు. ఈ భేదము చూడగానే తెలియును.

1855లో రోలిన్ వైట్ అనునాతడు గదులను ఒక కొస నుండి మరియొక కొస వరకు తొలుచు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందెను. స్మిత్ అండ్ వెస్సన్ వారు ఒక్కొక్క రివాల్వరుకు 25 సెంట్ల చొప్పున చెల్లించుటకు ఒప్పుకొని, 1857లో వెనుకనుండి లోహపు తూటాలు చొప్పించు రివాల్వరును వెలువరించిరి. పేటెంటును కాపాడు వ్యాజ్యముల భారము మాత్రము వైట్ పైననే పడెను. అందుచేత 1861–65 అంతర్యుద్ధమున అమెరికా సైనికులలో అధికసంఖ్యాకులు పాత పద్ధతి రివాల్వర్లనే వాడిరి. మెరుగైన పద్ధతి తెలియక కాదు, న్యాయశాస్త్రము అడ్డుపడుట చేత. 1869లో పేటెంటు గడువు తీరెను. దానిని పొడిగించుటకు మార్గము చూపు బిల్లును 1870లో అధ్యక్షుడు గ్రాంట్ తిరస్కరించెను.

పిమ్మట కోల్ట్ వారు పాత నమూనాలనే లోహపు తూటాలకు అనుకూలముగా మార్చిరి. 1873లో పైకమ్మి గల కొత్త నమూనా తెచ్చిరి. నేవీ చట్రమున తొలిచిన సిలిండరు కనిపించినచో అది ఇట్టి మార్పునకు గురియైనదని ఊహింపవచ్చును. కాని మూసిన గదులున్నంత మాత్రమున 1869కి పూర్వపుదని తేల్చరాదు. ఆ నమూనా తయారీ 1873 వరకు సాగినది. అందుకే వరుస సంఖ్యను కూడ చూడవలెను. చట్రము, గొట్టము, సిలిండరులపై ఒకే సంఖ్య ఉన్నచో అవి మొదటి నుండి కలిసియున్నవని నమ్మకము కలుగును. సంఖ్య భేదించినచో ఏదో భాగము మారియుండవచ్చును, విలువ తగ్గును.

నేవీ సిలిండరుపై 1843 మే 16న టెక్సాసు, మెక్సికో నౌకలకు జరిగిన యుద్ధదృశ్యము ముద్రింపబడినది. ఆ గీతలు మిక్కిలి పలుచనివి. తుప్పు పోవలెనని ఆకురాయితో రాచి, కొత్త నీలి మెరుగు పెట్టించినచో మొదట అరుగునవి అవియే. అంచులు మొద్దువారును, అక్షరములు అలుకుకొనిపోవును. అట్టి మెరుపును చూచి కొనువారు అధిక మూల్యమిచ్చి, తక్కువ చరిత్రను ఇంటికి తెచ్చుకొందురు. వన్నె తగ్గినను, గుర్తులు చెదరని వస్తువే పరిశోధకునకు విలువైనది.