చుక్కకు గీతలెన్ని?

మా చిన్నతనంలో చెరుకు సీజను వచ్చిందంటే బోధన్ దారులన్నీ బండ్లే. ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి... ఎటు నుంచి కట్టినా ఎద్దుల మొగం శక్కర్‌నగర్ వైపే. "ఏడికి పెద్దనాయినా?" అంటే, "ఇంకేడికిరా, ఫ్యాక్టరికే!" అనేవాడాయన. 1937లో నిజాం ప్రభుత్వం పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ మరి!

ఆ చెరుకు దారుల్ని కాగితం మీద వేద్దాం. ఊరికో చుక్క, దారికో గీత. నడుమ బోధన్, చుట్టూ నాలుగూళ్ళు, నక్షత్రంలా ఉంటుంది. ఒక్కో చుక్కకు ఎన్ని గీతలు తగిలాయో చూసి, ఆ అంకెను వర్గం చేసి, అన్నీ కూడండి. బోధన్‌కు నాలుగు నాలుగులు 16, తక్కిన ఊళ్ళకు ఒక్కొక్కటి, వెరసి 20. అవే అయిదూళ్ళను పూసల్లా వరసగా గుచ్చితే 14. ఏ ఊరూ విడిపోకుండా నాలుగే గీతలతో ఎలా కలిపినా 20 దాటదు, 14కు తగ్గదు.

ఇదేదో పిల్లలాట అనుకునేరు! 1947లో అమెరికాలో హ్యారీ వీనర్ పారఫిన్లు ఏ వేడికి మరుగుతాయో అణువు బొమ్మలోని దూరాలు లెక్కగట్టి చెప్పాడు. ఈ వర్గాల మొత్తాన్ని 1972లో గుట్‌మన్, ట్రినాయ్‌స్టిచ్ అనేవాళ్ళు రసాయన శాస్త్రంలోకి తెచ్చారు. వారి నగరం పేరిట అది జాగ్రెబ్ సూచిక అయింది. 1975లో రాండిచ్ ఇంకో సూచిక కట్టాడు. అందులో లెక్క తిరగబడుతుంది: నక్షత్రానికి 2, వరసకు 2.41. ఎన్ని చుక్కలున్నా, విడిపోకుండా కలిపిన బొమ్మలన్నిటిలో నక్షత్రానిదే అతి తక్కువ అని బొల్లోబాష్, ఎర్డోష్‌ల రుజువు 1998లో అచ్చయింది.

మన అయిదు చుక్కలను కార్బన్లు అనుకోండి. వరసగా ఉంటే పెంటేన్, సుమారు 36 డిగ్రీలకు మరుగుతుంది. నక్షత్రంలా ఉంటే నియోపెంటేన్, పదిలోపే ఆవిరైపోతుంది. సరుకు అదే, అమరికే వేరు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆనాటి నా బొమ్మలో నడిమి చుక్క తుడిచి చూశాను. నాలుగు గీతలూ పోయాయి. 20 కాస్తా సున్నా అయింది. వరసలోనైతే నడిమి ఊరు పోయినా రెండేసి ఊళ్ళు జతగా మిగిలేవి, సూచిక 4 ఉండేది.

అన్ని దారులూ ఒక్కచోటికే పోతున్నాయని ఆనాడు మురిసిపోయాం. ఊరికీ ఊరికీ నడుమ ఒక్క గీతైనా గీసుకోవాల్సిందని పెద్దనాయినకు గానీ నాకు గానీ తోచనే లేదు.