పరిసరాల విజ్ఞానం: చీపురు ఎవరి చేతికి?

మాలో చాలామందికి బడిలో తొలి పరిసరాల పాఠం పుస్తకంలోంచి రాలేదు, చీపురు రూపంలో చేతికొచ్చింది. గదులు ఊడవడానికీ మరుగుదొడ్లు కడగడానికీ సారు పిలిచే పేర్లు ఏ వాడ పిల్లలవో వేరే చెప్పనక్కర్లేదు. మంచినీళ్ల కుండ దగ్గర మాత్రం ఆ పేర్లు వినపడేవి కావు. చేతులతో చేస్తూ నేర్చుకోవడమే అసలైన చదువని ఇవాళ ఉపాధ్యాయ శిక్షణల్లో చెబుతున్నారు. మేం కాదనం. అయితే ఈ దేశంలో చేతిపనికి కులం ఉంది. ఆ చరిత్ర పట్టించుకోకుండా కృత్యాలు పెడితే పాత పని కొత్త పేరుతో మళ్లీ పాత చేతులకే వస్తుంది. మా వాదన ఇదే.

పర్యావరణ విద్య చరిత్రను సాధారణంగా 1972 స్టాక్‌హోం సమావేశం నుంచి మొదలుపెడతారు. 1986 జాతీయ విద్యా విధానం దాన్ని బడిలోకి తెచ్చిందంటారు. ఎం.సి. మెహతా కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చెయ్యాలంది. 2003 డిసెంబరు 18న ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా నమూనా పాఠ్యప్రణాళిక తయారుచెయ్యమని ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. ఈ చరిత్రలో అడవులున్నాయి, నదులున్నాయి, ఓజోన్ పొర ఉంది. వాడ లేదు.

వాడ చరిత్ర నీళ్ల దగ్గర మొదలవుతుంది. సతారా బడిలో చదివేటప్పుడు ప్యూను పైనుంచి పోస్తేనే అంబేడ్కర్‌కు నీళ్లు, ప్యూను లేని రోజు దప్పికే. 1927 మార్చి 20న ఆయన వేలమందితో మహద్‌లోని చవదార్ చెరువు నీళ్లు తాగాడు. ఆ తర్వాత అగ్రకులాల వాళ్లు ఏం చేశారు? చెరువు మైలపడిందని 108 కుండలతో పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు మూత్రం ఉపయోగించి మంత్రాలు చదివి ‘శుద్ధి’ చేశారు. కాలుష్యం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉందా? నీటి పరీక్షకు హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు దొరుకుతాయి. నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంతో కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. పేడనీళ్లు ఒక సీసాలో, కాచి చల్లార్చిన నీళ్లు ఇంకో సీసాలో పోసి పిల్లల్నే చూడమనండి. కడుక్కున్న చెయ్యి ఏ కులానిదైనా సీసాకు ఒకటే. మైలకూ కాలుష్యానికీ తేడా అక్కడ తేలిపోతుంది.

మహద్ దాకా ఎందుకు? చెరువుల్లో పశువులు కడగొద్దని మన పిల్లలు బట్టీపడుతున్నారు. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువును కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్‌తో మురికి చేస్తుంటే అడ్డుచెప్పినందుకే గొడవ రేగింది. కొట్టబోతే మున్నంగి సువార్త తన బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. నీళ్లు పాడుచెయ్యొద్దని చెప్పిన మాటకు తెలుగు నేల మీద కట్టిన ధర అది. పుస్తకంలో ఆ నినాదం ఉంది, సువార్త లేదు.

ఇక చేతిపని సంగతి. 1936లో ‘హరిజన్’ పత్రికలో గాంధీ ఆదర్శ భంగీ గురించి రాస్తూ, మరుగుదొడ్డి కట్టే తీరు, కడిగే తీరు, కంపు పోగొట్టే మార్గం అతనికి తెలిసుండాలన్నాడు. విజ్ఞానం ఇవ్వజూపాడు, పని మాత్రం మార్చలేదు. ఆ మరుసటి ఏడు 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు చవదార్ చెరువు మీద దళితుల హక్కును నిలబెట్టింది. అదే ఏడు అక్టోబరులో వార్ధాలో చేతివృత్తి చుట్టూ అల్లిన చదువును జాతి ముందు పెట్టారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది: ఒక పూట బడి, ఇంకో పూట తల్లిదండ్రుల వృత్తి. కులవిద్య అని జనం తిరగబడితే 1954లో కామరాజ్ వచ్చాక రద్దయింది. చేసి నేర్చుకోవడం అన్న మాట వింటే మా పెద్దలు ఎందుకు ఉలిక్కిపడ్డారో ఈ వరస చూస్తే అర్థమవుతుంది.

అలాగని మా చేతుల్లోని విజ్ఞానాన్ని వదులుకుందామా? వద్దు. సున్నంలో నానేస్తే తోలు మీది వెంట్రుక ఊడుతుందనీ, తంగేడు చెక్క రసంలో ఊరితే తోలు కుళ్లదనీ లంద దగ్గర నిలబడ్డ మాదిగలకు తెలుసు. తంగేడులోని టానిన్లు తోలులోని ప్రొటీన్‌ను పట్టి బిగిస్తాయని రసాయనశాస్త్రం ఆనక చెప్పింది. ఇది బడిలో చెప్పాల్సిన పాఠమే. అయితే మాదిగ పిల్లాణ్ణి లేపి ‘మీ తాత పని చేసి చూపించరా’ అంటే అది పాఠం కాదు, 1953 మళ్లీ వచ్చినట్టే. తంగేడు చెక్క దంచడానికి రెడ్డి పిల్లాడూ, కోమటి పిల్లా ముందు చెయ్యి పెట్టాలి.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టిన పచ్చసాలెలో మామూలు పాఠాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుండలు చెయ్యడం నేర్పారు. ఏ కులం పిల్లకైనా ఏ పనైనా రావాలన్న దారి అది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు దాచి కాపాడింది ఎక్కువగా దళిత ఆడవాళ్లే. జీవవైవిధ్యం పాఠానికి వాళ్లను టీచర్లుగా పిలవాలి.

మేం కోరేది పెద్ద ఖర్చు పని కాదు. పిల్లలు ఊరి పటం గీసి బావులు, బోర్లు, చెత్తకుప్ప, మురుగు కాలవ గుర్తుపెట్టాలి. మురుగు ఏ దిక్కుకు పారి ఎవరి గడపలో ఆగుతోందో నడిచి చూడాలి. చెత్త ఎత్తే మనిషి పేరు అడిగి రాసుకోవాలి. 1993లోనూ 2013లోనూ చట్టాలు చేసినా మాన్‌హోల్‌లో దిగి చచ్చిపోతున్నది ఎవరో తెలుసుకోవాలి. బడి ఊడ్చే వంతు హాజరుపట్టీ వరసలో, మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా, సారు పేరుతో సహా రావాలి.

ఆ వంతుల పట్టీ గోడకెక్కిన రోజు మా పిల్లలు కూడా చీపురు పడతారు, అందరి వంతుల్లో ఒక వంతుగా.